ముష్టియుద్ధంలో ధర్మాధర్మాలు

భీముడు గదతో దుర్యోధనుని తొడలు విరుగగొట్టినప్పుడు బలరాముడు నాగలి ఎత్తి భీముని మీదికి వచ్చాడు. గదాయుద్ధంలో నాభికి దిగువ కొట్టరాదన్నది నియమం. ఇద్దరు యోధులు ప్రాణాలకు తెగించి నిలిచిన చోట కూడా కొట్టదగిన చోటు, కొట్టరాని చోటు అనే విచక్షణ ఉండవలెనని బలరాముని ఆగ్రహం చాటుతున్నది. నేటి బాక్సింగులో నడుముపట్టీకి దిగువ కొట్టడం ఫౌలు. దేశకాలాలు వేరైనా ఆలోచన ఒక్కటే.

ఈ విషయాన్ని లోతుగా విచారించవలసిన అవసరం మా ఇంటనే కలిగింది. 2022 మే 19న ఇస్తాంబుల్ నగరంలో నిజామాబాదు ఆడపడుచు నిఖత్ జరీన్ థాయిలాండుకు చెందిన జుతామస్ జిత్‌పాంగ్‌ను 5-0తో ఓడించి ప్రపంచ విజేత అయినది మొదలు, కొమరోలులో మా ఆపా కూతురు తానూ ఆ విద్య నేర్వవలెనని పట్టుపట్టింది. “కొట్టుకోవడమే ఆట అయినప్పుడు తప్పు దెబ్బ, ఒప్పు దెబ్బ అని ఏమిటి బేటా?” అని మా నానీ నన్ను నిలదీశారు. ఆ ప్రశ్న తేలికగా తోసిపుచ్చదగినది కాదు.

ఆంగ్లదేశంలో ఒకప్పుడు పిడికిళ్ల పోరాటానికి హద్దులు మిక్కిలి తక్కువ. 1743లో జాక్ బ్రౌటన్ అనే మల్లుడు కొన్ని నియమాలు వ్రాశాడు. తన చేతి దెబ్బలు తిన్న ప్రత్యర్థి మరణించడంతో కలిగిన పరితాపమే అందుకు ప్రేరణ అని చెబుతారు. క్రింద పడినవానిని కొట్టరాదు, నడుముకు దిగువ పట్టుకొనరాదు అన్నవి వానిలో ముఖ్యమైనవి. 1867లో వెలువడిన క్వీన్స్‌బెరీ నియమాలను కూర్చినవాడు జాన్ గ్రాహం ఛాంబర్స్. పేరు మాత్రం వానికి అండగా నిలిచిన ప్రభువుది. చేతులకు గ్లౌజులు, మూడు నిమిషాల రౌండు, ఒక నిమిషం విశ్రాంతి, పడినవానికి లేవడానికి పది సెకండ్ల గడువు వానితో వచ్చాయి. కుస్తీ పట్లు నిషిద్ధమయ్యాయి.

ఫౌలు అనబడే దెబ్బలను ఒక్కొక్కటిగా పరిశీలిస్తే వాని వెనుకనున్న తర్కం బోధపడుతుంది. తల వెనుక భాగంలో మెదడు కాండం, వెన్నుపాము మొదలు ఉన్నాయి. అక్కడ పడే దెబ్బను కన్ను చూడలేదు, చేయి అడ్డుకోలేదు. 2015 అక్టోబరు 17న అమెరికాలో జరిగిన పోటీలో ప్రిచర్డ్ కొలోన్ అనే యువకుడు తన తల వెనుక దెబ్బలు పడుతున్నాయని మొరపెట్టుకున్నాడు. ఆ పోటీ ముగిసిన కొద్దిసేపటికే మెదడులో రక్తస్రావమై, నెలల తరబడి స్పృహ లేకుండా ఉన్నాడు. మూత్రపిండాలున్న వీపు భాగం కూడా అటువంటిదే. గ్లౌజులో మెత్త పిడికిలి కణుపుల మీద ఉంటుంది. కనుక అరచేతి వైపుతో, మణికట్టుతో, మోచేతితో కొట్టరాదు. ప్రత్యర్థిని ఒక చేత పట్టి రెండవ చేత కొడితే, వానికి తప్పుకొనే వీలే లేదు. రిఫరీ ‘బ్రేక్’ అన్నప్పుడు వాని మాట నమ్మి చేతులు దించినవానిని కొట్టడం నమ్మకద్రోహం.

వీటన్నిటిలోను ఒక్క సూత్రం కానవస్తున్నది. ఎదుటివాడు చూడగలిగి, కాచుకొనగలిగిన దెబ్బ ఆటలో భాగం. కాచుకొనే అవకాశమే లేని దెబ్బ దౌర్జన్యం. మన కబడ్డీలోనూ కూతకు వచ్చినవాని కాళ్లు పట్టవచ్చును గాని గొంతు నొక్కరాదు, జుట్టు పట్టరాదు.

నియమం తప్పినవానికి శిక్ష విధించే అధికారం రిఫరీదే. ఒలింపిక్ తరహా పోటీలలో వార్నింగు వస్తే పాయింటు పోతుంది, మూడవ వార్నింగుతో పోటీయే పోతుంది. 1997 జూన్ 28న మైక్ టైసన్, హోలీఫీల్డు తనను తలతో ఢీకొట్టాడన్న కోపంతో అతని చెవి కొరికి, మూడవ రౌండులో అనర్హుడయ్యాడు. అతని ఫిర్యాదులో నిజమున్నదనుకున్నా, తీర్పు తానే అమలు చేయబోవడం వల్ల న్యాయం కోరే అర్హతనే పోగొట్టుకున్నాడు.

ఇదంతా విన్నాక నానీ మరొక మాట అన్నారు: “పోరాడేటప్పుడు ముఖాన్ని తప్పించమని ప్రవక్తగారు బోధించారు గదా! మీ నియమాలు ముఖాన్ని ఎందుకు వదలలేదు?” దీనికి బాక్సింగు నియమావళిలో సమాధానం లేదు. ముఖం మీది దెబ్బను అక్కడ గెలుపుకు లెక్కిస్తారు. ఫౌలు కాని దెబ్బలు సైతం ఏండ్ల తరబడి తలపై పడితే మెదడుకు చేటు అని వైద్యులు చెబుతున్నారు. ఫౌలు నియమాలు అన్యాయాన్ని అరికట్టగలవు. అపాయాన్ని తగ్గించగలవే గాని తొలగించలేవు. ఈ తేడాను దాచిపెట్టి పిల్లలను ప్రోత్సహించడం తగదని నా అభిప్రాయం.

మా మేనకోడలు ఏమి చేయవలెనో తేల్చవలసినవారు ఆమె, ఆమె తల్లిదండ్రులు. నేను ఉభయ పక్షాలూ వారి ముందుంచాను. ఆమె బరిలోకి దిగినా దిగకపోయినా, బలమున్న చేయి ఎక్కడ ఆగవలెనో ఈ ఆట నుండి తెలుసుకుంటే చాలును. ఆ ఎరుక మన విద్యార్థి మిత్రులందరికీ అవసరమే.