ఈ మాట ఎవరు చెప్పారు?



2018 మే నెలలో జరిగిన ఒక సంగతి మీతో చెప్పుకోవాలని చాలా కాలంగా అనుకుంటున్నాము. చెప్పడానికి సిగ్గుగా ఉన్నది గనుక ఇంతవరకు వాయిదా వేస్తూ వచ్చాము.

మాది ఖమ్మం నుండి భద్రాచలం పోయే దారికి కొంచెము లోపలగా, అడవి అంచున ఉన్న చిన్న సంఘము. అవి తునికాకు కోసే రోజులు. తెల్లవారకముందే పెద్దవారంతా అడవికి పోతారు. ఇళ్ల దగ్గర ముసలివాళ్లు, పిల్లలు మాత్రమే ఉంటారు. ఒక సాయంకాలము మా ఫోనుకు వాట్సాప్‌లో ఒక కబురు వచ్చింది. పిల్లలను ఎత్తుకుపోయే ముఠా దిగిందని, దుప్పట్లు అమ్మేవాళ్ల వేషంలో తిరుగుతున్నదని అందులో ఉన్నది. రాసినవారి పేరు లేదు. ఎక్కడ జరిగిందో లేదు. మేము అవేమీ చూడలేదు. మన పిల్లల క్షేమము కదా అనుకుని సంఘము గ్రూపులో పెట్టేశాము. 'తల్లిదండ్రులు జాగ్రత్త' అని మా మాట కూడా ఒకటి కింద చేర్చాము.

మరునాడు పొద్దెక్కాక ఒక అబ్బాయి పరుగెత్తుకొచ్చి, "అయ్యగారూ, దొంగను పట్టుకున్నారు, తొందరగా రండి" అన్నాడు. వెళ్లి చూస్తే, బండి మీద దుప్పట్లు అమ్ముకునే ఒక మనిషిని వేపచెట్టుకు కట్టేసి ఉంచారు. పెదవి చిట్లి రక్తము కారుతున్నది. ఆయన హిందీలో ఏదో చెప్పుకుంటున్నాడు, వినేవారు లేరు. మేము అడ్డుపడి, "ఇతడు దొంగ అని ఎవరు చెప్పారు?" అని అడిగాము. మా సంఘపు పెద్ద ఒకాయన తన ఫోను తీసి మా ముఖము ముందు పెట్టాడు.

"మీరే కదా అయ్యగారూ పంపింది!"

మాకు నోట మాట రాలేదు. కట్లు విప్పించి, పోలీసులు వచ్చేవరకు ఆ మనిషి పక్కనే నిలబడ్డాము. వారు విచారించి, పాపము ఏ తప్పూ లేనివాడని విడిచిపెట్టారు. మాకు వచ్చిన నాలుగు హిందీ ముక్కలతో క్షమించమని అడిగాము. ఆయన జవాబు చెప్పలేదు. మట్టి అంటిన దుప్పట్లు దులిపి, మూట కట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ నెలలోనే ఇలాంటి పుకార్ల వలన మన తెలంగాణలో అమాయకులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. గద్వాల జిల్లాలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి గారు పోలీసులను ఊరూరికీ పంపి, డప్పులతో, పాటలతో ఈ కబుర్లు నమ్మవద్దని చెప్పించారు. జూలైలో వాట్సాప్ సంస్థ కూడా మన దేశంలో ఒక కబురును ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపకుండా కట్టడి చేసింది. కాని ఐదు చోట్లకే పంపినా అబద్ధము అబద్ధమే కదా.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. వేదాంత డిప్లొమా చదివిన రోజుల్లో, ఏ పత్రికనైనా చదివే ముందు ఎవరు రాశారు, ఎవరికి రాశారు, ఎప్పుడు రాశారు అని అడగడము నేర్చుకున్నాము. పౌలు అంతటివాడు చెప్పిన మాటను కూడా బెరయవారు లేఖనాలలో వెదకి చూసుకున్నారని ఎన్నిసార్లు ప్రసంగించామో! చేతిలోకి ఫోను వచ్చేసరికి ఆ అలవాటు ఎటు పోయింది? పెద్దవారమైన మాకే ఇలా జరిగితే, రేపు ఇదే ఫోను పట్టుకోబోయే పిల్లల సంగతి ఏమిటి?

ఆ సంవత్సరము నవంబరు 14న పని మొదలుపెట్టాము. ఆ రోజు బాలల దినోత్సవము. 20వ తేదీ వరకు సాగే గ్రంథాలయ వారోత్సవాలకూ అదే మొదటి రోజు. మా దగ్గర ఉన్నది ఒక రేకుపెట్టె, అందులో అడిగి తెచ్చుకున్న పుస్తకాలు. శనివారము సాయంకాలము పన్నెండుమంది బడిపిల్లలు చాప మీద కూర్చున్నారు. మొదటి వారము కథ చదవలేదు. పుస్తకము తెరిచి, పేరు ఎక్కడున్నది, రాసినవారెవరు, అచ్చువేసినదెవరు, ఏ సంవత్సరము అని వెదికించాము. ముందున్న విషయసూచిక దేనికో చూపించాము. ఏడో తరగతి చదివే పిల్లలు కూడా ఆ పేజీని అదివరకు ఎన్నడూ చూడలేదన్నారు.

తరువాత నిఘంటువు. అక్షరాలన్నీ వచ్చిన పిల్లవాడు కూడా 'కొడవలి' అనే మాట కోసము 'క' దగ్గర మొదలుపెట్టి అలసిపోయాడు. క, కా, కి, కీ అని గుణింతము వరుస పట్టుకుని పోతే 'కొ' వస్తుందని చెప్పాము. దొరికినప్పుడు వాడు వేసిన కేక ఇంకా మా చెవుల్లో ఉన్నది. ఇంట్లో కోయ మాట్లాడి బడిలో తెలుగు చదివే పిల్లలకు ఇది మరీ ఉపయోగపడింది. తెలియని మాట కనబడితే తల వంచుకోకుండా లేచి వెళ్లి పుస్తకము తీస్తున్నారు. బహుజనపల్లి సీతారామాచార్యులు గారి శబ్దరత్నాకరము 1885లో వెలువడింది. ఆ పుస్తకమే ఇప్పుడు ఆంధ్రభారతి వెబ్‌సైటులో ఉన్నదని ఫోనులో చూపించాము. పుస్తకము వేరు, ఫోను వేరు కాదని, వెదికే బుద్ధి ఒక్కటేనని వారికి అప్పుడు తెలిసింది.

అన్నిటికంటె మేలైన పాఠము మన ఊరి పేరే నేర్పింది. "భద్రాచలము ఏ జిల్లాలో ఉన్నది?" అని అడిగి, వేరువేరు కాలాల పుస్తకాలు, ఒక ఫోను ఇచ్చాము. ఒకరు తూర్పు గోదావరి అన్నారు, ఒకరు ఖమ్మం అన్నారు, ఒకరు భద్రాద్రి కొత్తగూడెం అన్నారు. నాది నిజమంటే నాది నిజమని పోట్లాడుకున్నారు. అప్పుడు ఆయా పుస్తకాల సంవత్సరాలు చూడమన్నాము. 1959 వరకు భద్రాచలము తూర్పు గోదావరి జిల్లాలో ఉన్నది. తరువాత ఖమ్మంలో కలిసింది. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలోకి వచ్చింది. ఎవరి పుస్తకమూ అబద్ధము చెప్పలేదు. ఎప్పటి మాటో చూడనిదే ఏ మాటకూ విలువ కట్టకూడదని పిల్లలే తేల్చారు.

2020లో కరోనా వలన బడులు మూతపడ్డాయి. సెప్టెంబరు 1 నుండి దూరదర్శన్ యాదగిరిలోను, టీశాట్‌లోను పాఠాలు వచ్చాయి. సిగ్నలు కోసము పిల్లలు గుట్ట ఎక్కేవారు. అప్పు చేసైనా ఫోను కొన్న ఇళ్లున్నాయి. ఫోను వచ్చింది గాని, దానిని చదవడము నేర్పినవారు లేరు. గనుక మా శనివారము పాఠంలో కొన్ని చేర్చాము. వెదికినప్పుడు పైన కనబడేవాటిలో డబ్బు కట్టి పెట్టించుకున్న ప్రకటనలుంటాయి. తెలుగు వికీపీడియాలో ఎవరైనా రాయవచ్చు, దిద్దవచ్చు గనుక ఆ మాటకు ఆధారమేమి చూపారో కిందికి వెళ్లి చూడాలి. ఓటీపీ ఇంటి తాళంచెవి వంటిది, ఎవరికీ చెప్పకూడదు. ఈ మధ్య మనిషి బొమ్మను, గొంతును కూడా యంత్రమే తయారుచేస్తున్నది గనుక కళ్లతో చూశామన్నంత మాత్రాన నమ్మరాదు. మంచి సంగతులూ ఉన్నాయి. ప్రథమ్ బుక్స్ వారు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో తెలుగు పిల్లల కథలు ఉచితంగా దొరుకుతాయి. సిగ్నలున్న చోట దించుకుని వచ్చి ఇంట్లో చదువుకోవచ్చు.

గడచిన సంవత్సరము ఒక కబురు వచ్చింది. ఈ లింకు నొక్కితే పదో తరగతి పిల్లలకు స్కాలర్‌షిప్పు అని. బీద కుటుంబాలకు మేలు కదా అని గ్రూపులో పెట్టబోతున్నాము. పక్కన కూర్చుని పుస్తకాలు సర్దుతున్న ఎనిమిదో తరగతి అమ్మాయి తల ఎత్తి, "ఈ మాట ఎవరు చెప్పారు అయ్యగారూ?" అన్నది. చూస్తే, ఏ ప్రభుత్వ కార్యాలయము పేరూ లేదు, తేదీ లేదు. ఆధారు, బ్యాంకు నంబర్లు మాత్రము అడుగుతున్నది. తుడిచివేశాము. ఆ పిల్ల మళ్లీ పుస్తకాలలో పడిపోయింది. మాకు మాత్రము వేపచెట్టు కింది మనిషి జ్ఞాపకము వచ్చాడు.

తల్లిదండ్రులారా, గ్రంథాలయము మనకు కొత్తది కాదు. 1914లోనే అయ్యంకి వెంకటరమణయ్య గారి వంటివారు బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిపించారు. నిజాము కాలంలో వట్టికోట ఆళ్వారుస్వామి గారు పుస్తకాల మూట మోసుకుని ఊరూరూ తిరిగి అమ్మారు. అంత కష్టపడి వారు గ్రంథాలయాలకు దారి వేశారు. ఈనాడు మనము కట్టే ఇంటి పన్నుతోబాటు రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కూడా కడుతున్నాము. ఇది చాలామందికి తెలియదు. మీ శాఖా గ్రంథాలయానికి పిల్లలను తీసుకువెళ్లి సభ్యులుగా చేర్పించండి. దూరమైతే ఒక పెట్టెతో మొదలుపెట్టండి.

పిల్లల చేతికి ఫోను ఇచ్చే ముందు ఒక ప్రశ్న నేర్పండి. వారు అదే ప్రశ్న మనలను అడిగినప్పుడు కోపగించుకోకండి. ఆ దుప్పట్ల మనిషి వచ్చిన రోజున మా ఊరిలో ఒక్క పిల్లయినా ముందురోజు సాయంకాలము మమ్మును అలా అడిగి ఉంటే ఎంత బాగుండేది!