కాలువ నేర్పిన వ్యాపారం

మీ వీధిలో అందరూ కలిసి తిట్టుకునే విషయం ఒకటి ఉండే ఉంటుంది. మంచినీళ్ళ పంపు కావచ్చు, కోతులు కావచ్చు. మా వీధిలో అది మురుగుకాలువ. నాలుగు చినుకులు పడితే చాలు, పొంగి గుమ్మాల దాకా వచ్చేది. మేమంతా గేట్ల దగ్గర నిలబడి, తిట్టవలసినవాళ్ళని తిట్టుకుని, లోపలికి పోయి కుక్కరు పెట్టుకునేవాళ్ళం. ఆ కాలువ ధర్మమా అని ఇప్పుడు నాకు నెలకి 1,500 రూపాయల దాకా మిగులుతోందంటే నమ్ముతారా? గొప్ప చెప్పుకోవటానికి రాయటం లేదు. నేను ఇంటరుతో చదువు ఆపేసి, ఇరవై ఏళ్ళపైన వంటింట్లోనే గడిపినదాన్ని. నాలాంటివాళ్ళు మీలో చాలామంది ఉంటారని రాస్తున్నాను.

2022 వానాకాలంలో ఒకరోజు కాలువ బాగుచేసే అతను పారతో తీసి గట్టున పోసిన కుప్ప చూశాను. ఇంటి చెత్త కన్నా తిని పారేసిన పళ్ళేలు, తాగి పారేసిన గ్లాసులే ఎక్కువ. వాటిలో గులాబీ పువ్వుల బొమ్మ ఉన్న పళ్ళేలు చూసి నా మొహం మాడిపోయింది. అంతకు ముందు ఆదివారమే మా ఆడపడుచు కూతురికి మా ఇంట్లో ఓణీల ఫంక్షన్ చేశాం. ఆ పళ్ళేలు ఏరికోరి కొన్నది నేనే!

ఆ ఏడాది జులై 1 నుంచి ప్లాస్టిక్ పళ్ళేలు, గ్లాసులు, చెంచాలు దేశమంతా నిషేధించారు. అందుకే కాగితంవి కొన్నాను. కానీ వాటిలో కూడా చాలావాటికి లోపల పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుందట. నీళ్ళు పోసినా నానిపోకుండా ఉండేది దానివల్లే.

ఇంటికొచ్చి మా అత్తగారితో అంటే, "మా రోజుల్లో ఊరందరికీ కలిపి రామాలయంలో గుండిగలు, గంగాళాలు ఉండేవి. ఎవరింట్లో పెళ్ళయినా తెచ్చుకుని, తోమి మళ్ళీ అప్పగించేవాళ్ళం. ఇప్పుడు తిన్న కంచం కడుక్కోవటమే బరువైపోయింది" అన్నారు. ఆ మాట నా మనసులో ఉండిపోయింది. స్టీలు పళ్ళేలు కొని అద్దెకిస్తే?

వెంటనే కొనలేదు లెండి. ముందు పది ఇళ్ళకి వెళ్ళి అడిగాను. అందరూ "మంచి ఆలోచన" అన్నారు. ఎదురింటి పిన్నిగారు ఒక్కరే, "తీసుకుంటాం సరే, తోమేదెవరమ్మాయ్?" అన్నారు. చూశారా, అసలు కష్టం అక్కడుంది! కంచాలు దొరక్క కాదు, తోమేవాళ్ళు లేక జనం కాగితానికి అలవాటు పడ్డారు. అంటే నేను అమ్మవలసింది పళ్ళెం కాదు, తోమే పని.

మా వీధిలో చీటీ పాడుకున్న డబ్బు నా దగ్గరుంది. మా అబ్బాయి కాలేజీ ఫీజుకని దాచింది. అందులోంచి 17,000 తీసి 100 గళ్ళ పళ్ళేలు, 100 గ్లాసులు, నాలుగు బకెట్లు, గరిటెలు కొన్నాను. ప్రతిదాని మీదా మా ఇంటిపేరు కొట్టించాను. మావారు రెండురోజులు నాతో మాట్లాడలేదు.

మొదటి మూడు ఫంక్షన్లకీ నష్టమే. "మనవాళ్ళే కదా, డబ్బులు ఎలా అడగను?" అని మొహమాటపడ్డాను. ఇచ్చినంత తీసుకున్నాను. ఒకరైతే ఒక్క చీర ముక్క పెట్టి పంపించారు. అర్ధరాత్రి దాకా నేనే తోమాను. లెక్క చూస్తే తొమ్మిది గ్లాసులు, రెండు పళ్ళేలు తక్కువ. ఫీజు గడువు దగ్గరపడుతోంది. ఆ రాత్రి పెరట్లో కూర్చుని ఏడ్చాను.

అప్పుడు మావారే పుస్తకం, పెన్ను తెచ్చుకుని పక్కన కూర్చున్నారు. "కండక్టరు తెలిసినవాడైతే బస్సులో టిక్కెట్టు తీసుకోవటం మానేస్తామా?" అన్నారు. ఇద్దరం కలిసి లెక్క వేశాం. వందమందికి భోజనాలు పెట్టేవాళ్ళు కాగితం పళ్ళేలు 120, గ్లాసులు 250 కొంటారు. మా ఊళ్ళో పళ్ళెం 5 రూపాయలు, గ్లాసు రూపాయి. మొత్తం 850. మేము మనిషికి 8 రూపాయలు పెట్టాం. తోమటంతో సహా వందమందికి 800. పక్క వీధిలో ఇళ్ళల్లో పనులు చేసుకునే ఇద్దరు ఆడవాళ్ళని మాట్లాడి, చెరి 200 ఇస్తున్నాను. సబ్బుపొడికి, ఆటోకి 100. నాకు మిగిలేది 300. అడ్వాన్సు 1,000 తీసుకోనిదే సామాను గడప దాటనివ్వను. ఏదైనా పోతే కొన్న ధర అందులోంచి పట్టుకుంటాను. ఇచ్చేటప్పుడూ తీసుకునేటప్పుడూ వాళ్ళెదురుగానే లెక్కపెడతాను.

ఫీజు గడువుకి ఆ డబ్బు తిరిగి రాలేదు. నా గాజులు తాకట్టు పెట్టి ఫీజు కట్టాం. 14 నెలల తరువాత విడిపించుకున్నాను. శ్రావణం, మాఘం వస్తే క్షణం తీరదు. ఆషాఢంలో సామాను అటకెక్కుతుంది.

ఇది నా ఒక్కదాని తెలివీ కాదు. మన సిద్దిపేటలో స్టీలు బ్యాంకు పేరుతో ఇలాగే ఫంక్షన్లకి సామాను ఇచ్చే పద్ధతి పెట్టారు. కేరళలో కుటుంబశ్రీ సంఘాల ఆడవాళ్ళు హరిత కర్మసేన పేరుతో ఇంటింటికీ తిరిగి ప్లాస్టిక్ చెత్త తీసుకువెళతారు. దానికి ఇంటివాళ్ళు నెలనెలా రుసుము ఇస్తారు. అందరూ ముక్కు మూసుకునేది వాళ్ళకి జీవనోపాధి అయింది.

మీరూ ఏదైనా మొదలుపెట్టాలనుకుంటే మూడు విషయాలు చూసుకోండి. మీ వీధిలో అందరూ పదేపదే తిట్టుకునేది ఏమిటి? దాన్నుంచి తప్పించుకోవటానికి వాళ్ళు ఇప్పటికే డబ్బు ఖర్చు పెడుతున్నారా? పెట్టకపోతే మీకూ ఇవ్వరు. ఇక మూడోది, "బాగుంది" అన్నవాళ్ళ మాట కన్నా "కానీ..." అన్నవాళ్ళ మాట జాగ్రత్తగా వినండి. మా పిన్నిగారు ఆ ప్రశ్న వెయ్యకపోతే నేను పళ్ళేలు కొని అటకమీద దాచుకునేదాన్ని.

కాలువ పూర్తిగా బాగుపడిందా అంటే, లేదు. గట్టివాన పడితే ఇప్పటికీ పొంగుతుంది. కాకపోతే మా వీధి భోజనాల పళ్ళేలు మాత్రం అందులో తేలటం లేదు. ఈసారి గేటు దగ్గర నలుగురూ చేరి తిట్టుకుంటుంటే, మీరు కాసేపు ఊరుకుని వినండి. అందులో మీరు చెయ్యగల పని ఉంటుందేమో! అయితే ఒక్కమాట. పిల్లల ఫీజు డబ్బు మాత్రం ముట్టుకోకండి. ఆ తప్పు నేను చేసింది చాలు.