పాతది ఆపకండి!

రాత్రి తొమ్మిదిన్నరకు ఆదోని బస్సు దిగి ఎమ్మిగనూరులోని ఓ కాలేజీకి చేరాడా టెక్నీషియన్. పొద్దున పదింటికి పిల్లలకు ఆన్‌లైన్ పరీక్ష. ఆలోగా 42 వైఫై డబ్బాలు కొత్త కంట్రోలరు మాట వినాలి!

మన ఇంట్లో రౌటర్‌ది ఒంటరి కాపురం. పేరూ, పాస్‌వర్డూ అన్నీ దాంట్లోనే. కాలేజీల్లో, ఆస్పత్రుల్లో సీలింగుకు కనిపించే తెల్లటి యాక్సెస్ పాయింట్లది ఉమ్మడి కుటుంబం. ఏ ఛానల్లో మాట్లాడాలో, ఎవర్ని రానివ్వాలో చెప్పే పెద్దదిక్కు కంట్రోలరే. కరెంటు రాగానే ఆ డబ్బాలు మొదట దాన్నే వెతుక్కుంటాయి. చిరునామా తెలియకపోతే, ఐపీ అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ సర్వర్‌ని అడుగుతాయి. 'ఆప్షన్ 43' అనే గడిలో కంట్రోలరు చిరునామా రాసిపెట్టేది అందుకే.

అంత సులువైతే ఇంకేం! అంతకుముందు ఆదోనిలోని ఒక ఆఫీసులో అతను పాత కంట్రోలరు ఆపేసి, కొత్తది పెట్టాడు. సగం డబ్బాలు రాలేదు. వాటికెవరో ఎప్పుడో ఐపీ అడ్రసు చేత్తో ఇచ్చేశారు. ఇక అవి డీహెచ్‌సీపీని అడగవు, కొత్త చిరునామా వాటికి తెలియదు. నిచ్చెనెక్కి ఒక్కోదానికి కేబుల్ పెట్టి చెప్పేసరికి సాయంత్రమైంది. పడ్డ తిట్లకు లెక్కలేదు.

ఆ సంగతి ఎమ్మిగనూరులో ఉన్న అమ్మకు చెప్పుకున్నాడు. మాచాని సోమప్ప 1938లో నేతన్నల సహకార సంఘం పెట్టిన ఊరది. ఆమెదీ మగ్గం బతుకే. నేతలో కొత్త పడుగు ఎక్కించాలంటే పాత పడుగు కొసలు మగ్గంలోనే ఉంచుతారు. వాటికి కొత్త పోగులు ఒక్కొక్కటే అతుకుతారు. ''పాతది తీసేసినంక కొత్తది దేనికతుకుతావు నాయనా?'' అందామె. వైఫై అంటే ఏమిటో తెలియకుండానే!

ఈసారి పాతదాన్ని నడవనిచ్చాడు. దాని ద్వారానే పది డబ్బాలకు కొత్త చిరునామా చెప్పించాడు. అవి వెళ్లాయి. సాఫ్ట్‌వేర్ తేడా ఉండటంతో కొత్త కంట్రోలరు తన వెర్షన్ ఇచ్చి రీస్టార్ట్ చేయించింది. ఆ కాసేపు లైట్లు మిణుకుమిణుకుమంటుంటే గుండె కొట్టుకునే తీరు ఆ పని చేసినవాళ్లకే తెలుస్తుంది. పచ్చగా వెలిగాకే మరో పది.

రెండింటికి 39 వచ్చాయి. మూడు మాత్రం తలుపు దాకా వచ్చి వెనక్కి పోతున్నాయి. లాగ్ చూస్తే అసలు విషయం బయటపడింది. తయారీలోనే ప్రతి డబ్బాకూ ఓ డిజిటల్ సర్టిఫికెట్ ఇస్తారు. ఈ మూడింటికీ దాని గడువు పదేళ్లు. అది తీరిపోయింది! పాత కంట్రోలరులో గడువు పట్టించుకోవద్దని ఎవరో సెట్ చేశారు. కొత్తది మాత్రం నిక్కచ్చి మనిషి.

కొత్తదాంట్లోనూ గడువు చూడొద్దని పెట్టొచ్చు. కానీ అది భద్రతకు అంత మంచిది కాదు. ఆ మూడింటినీ పాతదాని కిందే వదిలేసి, మార్చాల్సినవాటి జాబితాలో రాశాడు.

తెల్లారింది. కుర్రాళ్లు ఫోన్లు తీశారు. వైఫై పేరు అదే, పాస్‌వర్డు అదే. ఎవరూ ఏమీ గమనించలేదు.

వెళ్లేముందు పాత కంట్రోలరుకు ఓ కాగితం అంటించాడు: ''మూడు ఇంకా దీనిమీదే ఉన్నాయి. ఆపకండి.''