బొక్కల సంచి

మా ఇంటి వాకిట్లో ఎప్పుడూ ఒక గోనెసంచి ఉండేది. అబ్బా దుకాణంలో మిగిలిన బొక్కలన్నీ అందులోకే. తెలంగాణలో ఎముకని మేం బొక్కే అంటాం. రెండ్రోజులకోసారి ఒకాయన వచ్చి తూకం వేసుకుని పోయేవాడు. ఆయనిచ్చే చిల్లరని అమ్మీ పిండి డబ్బాలో దాచేది. మా ఈద్ బట్టల్లో ఆ చిల్లర ఉంది.

ఆ సంచి వాసన మా ఒంటికీ ఉందన్నారు బళ్లో. 'బొక్కలోళ్లు' అని పేరు పెట్టారు. మా పక్కన కూచోమని పిల్లలు మొరాయిస్తే సారు వాళ్లని ఏమీ అనలేదు, మమ్మల్నే వెనక బెంచీకి పంపాడు. మేం ఖురేషీలం. కసాయి అంటే తెలుగులో దయలేనివాడు. మాకు మాత్రం కసాయి అంటే అబ్బా.

ఆ బొక్కలు ఎరువుకి పోతాయనీ, జిగురుకి పోతాయనీ, మీరు మింగే క్యాప్సూల్ తొడుక్కి కావలసిన జెలటిన్‌కి పోతాయనీ పెద్దయ్యాక తెలిసింది. ఇంకొక చోటుకి కూడా పోతాయని అమ్మీ దవడ చెప్పింది.

పళ్లు పోయి అమ్మీ దవడ ఎముక అరిగింది. డాక్టరు చిన్న సీసాలోంచి తెల్లటి రవ్వలాంటిది తీసి అక్కడ నింపాడు. ఏంటది అనడిగాం. గొంతు తగ్గించి, "పశువు ఎముక" అన్నాడు. గొంతెందుకు తగ్గించాడో మాకు తెలుసు. అమ్మీ భయం వేరే. హలాలేనా? పందిది కాకపోతే, ఎండి జిడ్డు వదిలిన బొక్క పాక్ అనేది హనఫీల మాట. అమ్మీ కుదుటపడింది. బిల్లు చూశాక మేం కుదుటపడలేదు. ఆ చిటికెడు రవ్వ ఖరీదుకి అబ్బా ఎన్ని సంచులు తూచాలి?

మా సంచిలోదే ఆ సీసాలోకి వచ్చిందని అనడం లేదు. కానీ జాతి ఒకటే. ఎండిన బొక్కలో సుమారు మూడింట రెండు వంతులు ఖనిజం, హైడ్రాక్సీఅపటైట్. మాంసం, కొవ్వు ఒలిచి 900 డిగ్రీల దాకా కాలిస్తే మిగతాదంతా కాలిపోయి తెల్లటి ఖనిజం మిగులుతుంది. తక్కువ వేడితో, రసాయనాలతో శుద్ధిచేసే పద్ధతులూ ఉన్నాయి. స్విట్జర్లాండ్‌లో గైస్ట్‌లిష్ కంపెనీ చేసే బయో-ఆస్ పశువుల ఎముకే. ఆ రవ్వలోని సన్నటి రంధ్రాల్లోకి రోగి నెత్తురు పాకుతుంది, కణాలు చేరతాయి, కొత్త ఎముక కడతాయి. ఎవరి బొక్క అని ఒళ్లు అడగదు. ఆసరాగా తీసుకుంటుంది, తనలో కలుపుకుంటుంది.

అడిగేది మనుషులే. 2015లో దాద్రీ దగ్గర బిసాహ్‌డాలో, ఇంట్లో గోమాంసం ఉందన్న పుకారుకే మహమ్మద్ అఖ్లాక్‌ని కొట్టి చంపారు. ఫ్రిజ్‌లో ముక్క నేరమైంది. సీసాలో రవ్వ సైన్సు అయింది.

మేం ఎవర్నీ ఎగతాళి చెయ్యడం లేదు. పశువు ఎముక వద్దనే రోగికి ఆ మాట ముందే చెప్పాలి. ప్రయోగశాలలో తయారైన ఖనిజమూ ఉంది, అది ఎంచుకునే హక్కు వాళ్లది. దాచి పెట్టడం వాళ్లకి అన్యాయం. దాచడం మాకూ అన్యాయమే. మా చేతుల్లో ఉన్నంతసేపూ కంపు, మా చేతులు దాటగానే వైద్యం!

ఒలిచేది మేం. మోసేది మేం. బొక్కల గోదాముల్లో ఆంథ్రాక్స్ ముప్పు మాది. వెల మాత్రం మమ్మల్ని దాటాకే పుడుతుంది. పని దగ్గర నీళ్లు, చేతి తొడుగులు, టీకా, ఆ వెలలో వాటా అడుగుతున్నాం. ఇది దయ కాదు, బాకీ.

అమ్మీ ఇప్పుడు జొన్నరొట్టె నమిలి తింటోంది. ఆమె దవడలో ఒక పశువు నిలబడి ఉంది. వెనక బెంచీకి పంపిన ఆ సారు దవడలోనూ ఉండొచ్చు. ఆయనకి అరగకూడదనే మా దువా.