టక్కుమందా?

మా ఇంట్లో మొదటి కంప్యూటర్‌కి గౌను ఉండేది. 2007లో, అన్నయ్య ఇంజనీరింగ్‌లో చేరిన ఏడాది, తెనాలిలో ఒక షాపు కుర్రాడు దాన్ని ఆటోలో తెచ్చి, బిగించి వెళ్లాడు. ఆ సాయంత్రమే అమ్మ కుట్టుమిషన్ ముందు కూర్చుని మానిటర్‌కీ, సీపీయూకీ, కీబోర్డుకీ పూలగుడ్డతో కవర్లు కుట్టేసింది. అంచులకి కుచ్చులు కూడా. అన్నయ్య వస్తే గౌను తీసేవాళ్లం, వెళ్తే తొడిగేవాళ్లం. ఎప్పుడైనా ఆగిపోతే వాడే పక్క రేకు విప్పి లోపల ఏదో కదిపేవాడు. నేను వంగి చూడబోతే, "ముట్టుకోకు, పాడవుతుంది" అనేవాడు. స్కూల్ ల్యాబ్‌లోనూ అంతే. గుడికి వెళ్లినట్టు చెప్పులు బయట విప్పి వెళ్లేవాళ్లం. ఒక్కో సిస్టమ్‌కి ముగ్గురం, మౌస్ మాత్రం ఎప్పుడూ ఎవడో ఒక అబ్బాయి చేతిలో.

తర్వాత ఇన్నేళ్లూ ల్యాప్‌టాపుల మీదే బతికాను. వీడియో ఎడిటింగ్ నా పని. రోజుకి పది గంటలు వాడే వస్తువు లోపల ఏముందో ఒక్కసారీ చూడలేదు. రెండేళ్ల కిందట ఒక ప్రాజెక్టు మధ్యలో అది చచ్చిపోయింది. సర్వీస్ సెంటర్‌లో పిల్లాడు పది నిమిషాలు లోపలికి తీసుకెళ్లి తెచ్చి, "బోర్డు పోయింది మేడమ్, ఇరవై రెండు వేలు" అన్నాడు. ఏం పోయింది, ఎందుకు పోయింది అంటే, "అది మీకు అర్థం కాదులెండి" అని నవ్వాడు. కోపం వచ్చింది. కానీ అతను చెప్పింది నిజమే అన్నది ఇంకా మండించింది.

ఆ శనివారం పారడైజ్ మెట్రోలో దిగి పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లాను. సికింద్రాబాద్‌లో సీటీసీ అంటే చాలు, ఆటోవాళ్లకి తెలుసు. అంతస్తు మీద అంతస్తు అన్నీ కంప్యూటర్ సామాన్ల కొట్లే. నాలుగు కొట్లు తిరిగి, రేట్లు రాసుకుని, మళ్లీ మొదటి కొట్టుకే వచ్చాను. రైజెన్ 5600జీ ప్రాసెసర్ (గ్రాఫిక్స్ అందులోనే ఉంటుంది, వేరే కార్డు ఖర్చు తప్పుతుంది), బీ550 బోర్డు, ఎనిమిదేసి జీబీల ర్యామ్ పట్టీలు రెండు, ఒక టీబీ ఎస్ఎస్‌డీ, 550 వాట్ల పవర్ సప్లై, క్యాబినెట్. అంతా కలిపి ముప్ఫై ఎనిమిది వేలు. "అసెంబుల్ చేసి ఇచ్చేస్తాం, గంట కూర్చోండి" అన్నారు. "వద్దు, నేనే చేసుకుంటా" అన్నాను. ఆ మాట అనడానికి మూడు వారాలు వీడియోలు చూశాను.

ఇంటికి తెచ్చి హాల్లో చాప మీద పరిచాను. అమ్మ అప్పటికి నెల రోజులుగా నా దగ్గరే ఉంది. అట్టపెట్టెలన్నీ చూసి, "ఇవన్నీ కలిస్తేనా కంప్యూటర్?" అని, చిక్కుడుకాయలు ఈనెలు తీసుకుంటూ దూరంగా కూర్చుంది.

ముందు ప్రాసెసర్. దాని అడుగున వెయ్యికి పైగా పిన్నులు, జుట్టంత సన్నంగా. ఒక మూల చిన్న బంగారు త్రికోణం, సాకెట్ మీద కూడా ఒక త్రికోణం. రెండూ కలిపి పెడితే తనంతట తనే దిగాలి, నొక్కకూడదు. దిగింది. లివర్ దించాను. పైన ఫ్యాన్ కూర్చోబెట్టి నాలుగు స్క్రూలు ఎదురెదురు మూలల వరసలో బిగించాను. తర్వాత ర్యామ్. రెండో గాడి, నాలుగో గాడి. పెట్టాను, కాస్త నొక్కాను. బోర్డు వంగుతున్నట్టు అనిపించి చెయ్యి తీసేశాను. ఎస్ఎస్‌డీకి ఉన్న స్క్రూ బియ్యపు గింజంత. నా దగ్గరున్న స్క్రూడ్రైవర్ దానికి పెద్దదైంది. అమ్మ లేచి వెళ్లి, తన పెట్టెలోంచి కుట్టుమిషన్ స్క్రూడ్రైవర్ తెచ్చిచ్చింది. సరిగ్గా సరిపోయింది.

రాత్రి తొమ్మిదింటికి బటన్ నొక్కాను. ఫ్యాన్లు తిరిగాయి. స్క్రీన్ మీద ఏమీ లేదు. బోర్డు మీద డీర్యామ్ అని రాసున్న చోట చిన్న దీపం వెలిగి అలాగే ఉండిపోయింది.

నేనేం చేశానంటే, ఆ దీపం ర్యామ్ అని చెబుతుంటే, ప్రాసెసర్ తప్పుగా పెట్టానేమో అని భయపడి ఫ్యాన్ పీకాను. కింద పేస్ట్ జిగురులా పట్టేసి ఉంది. గట్టిగా లాగేసరికి లివర్ వేసుండగానే ప్రాసెసర్ కూడా ఫ్యాన్‌తోపాటు ఊడి వచ్చేసింది. తిప్పి చూస్తే ఒక అంచున మూడు పిన్నులు పక్కకి ఒరిగిపోయాయి. పదకొండు వేల వస్తువు. చాప మీద కూర్చుని ఏడ్చాను. 'ముట్టుకోకు' అన్న మాట అన్నయ్య పక్కనుండి అన్నట్టే వినిపించింది.

అమ్మ కళ్లజోడు పెట్టుకుని వచ్చి చూసింది. "విరగలేదుగా, వంగాయి. వంగినవాటిని నిలబెట్టొచ్చు" అంది. సూదులతో ముప్ఫై ఏళ్లు బతికిన మనిషి. మెకానికల్ పెన్సిల్‌లోంచి ములుకు తీసేస్తే, ఆ ఖాళీ గొట్టం పిన్నుకి తొడిగి మెల్లగా లేపొచ్చని నేను ఎక్కడో చూశాను. అమ్మ ఫోన్ లైటు పట్టుకుంది, నేను లేపాను. మూడు పిన్నులకి నలభై నిమిషాలు. మళ్లీ త్రికోణం, మళ్లీ లివర్. కొట్టువాళ్లు ఊరికే ఇచ్చిన కొత్త పేస్ట్ రాసి, మళ్లీ ఫ్యాన్. బటన్ నొక్కాను. అదే దీపం.

"ఆ పట్టీలు పెట్టినప్పుడు టక్కుమందా?" అంది అమ్మ.

"ఏంటి?"

"బాబిన్ కేసు సరిగ్గా కూర్చుంటే టక్కుమంటుందే. అనకపోతే నాలుగు కుట్లకే దారం ఉండచుట్టుకుపోతుంది. ఇందాక నువ్వు పెట్టినప్పుడు నాకేం వినపడలేదు."

చూశాను. ఆ బోర్డులో గాడికి ఒక చివరే క్లిప్పు ఉంది. అది పడింది కాబట్టి కూర్చుందనుకున్నాను. రెండో చివర గోరంత పైకి తేలి ఉంది. పవర్ తీసేసి, బొటనవేలు పెట్టి నొక్కాను. అమ్మ పక్కన ఉంది కాబట్టి ఇంకా నొక్కాను. టక్. రెండోది, టక్.

అసలు ఫ్యాన్ పీకక్కర్లేదు. ప్రాసెసర్ ముట్టుకోనక్కర్లేదు. బలం అస్సలు వాడకూడని చోట లాగాను, భయం వేసేంత బలం కావాల్సిన చోట చెయ్యి తీసేశాను. చిన్నప్పటి నుంచీ జాగ్రత్త అని నేర్చుకున్నదంతా ఇదే. వస్తువు ఎంత ఓర్చుకుంటుందో తెలియని భయం. అమ్మకి అది తెలుసు. మా తెనాలి ఇంట్లో ఆ మిషన్‌ని విప్పి, నూనె వేసి, బెల్టు మార్చి, మళ్లీ బిగించింది ఎప్పుడూ ఆవిడే. కానీ మా ఇంట్లో 'మెషిన్లు తెలిసినవాడు' అంటే అన్నయ్యే. ఆ మాట అమ్మ కూడా అనేది. నేనూ నమ్మాను.

బయోస్ తెర వచ్చింది. మెమరీ దగ్గర పదహారు జీబీ అని చూపిస్తోంది. అమ్మని పిలిచి ఆ అంకె చూపించాను. "రెండూ కనబడ్డాయా?" అంది. కనబడ్డాయి.

రాత్రి పన్నెండున్నరకి ఆవకాయ, పెరుగు వేసుకుని అన్నం తిన్నాం. అమ్మ స్క్రూడ్రైవర్ని తుడిచి తన పెట్టెలో పెట్టుకుంది. క్యాబినెట్‌ని ఒకసారి చుట్టూ చూసి, జానలతో కొలిచి, "దీనికి కవరు కుట్టనా?" అని అడిగింది.

"వద్దమ్మా, దానికి గాలి ఆడాలి."

"మరి దుమ్ము?"

"విప్పి తుడుస్తా."