గుడ్డిదీపాలు

మియాపూర్‌లో ఫ్లాట్ తీసుకున్నాక లైట్లన్నీ నేనే ఎంచుకున్నాను. హాల్లో, పడగ్గదుల్లో, ఆఖరికి వంటింట్లో కూడా 2700 కెల్విన్ వార్మ్ బల్బులే. 6500 తెల్లవెలుగు చూస్తే నాకు ఆఫీసు గుర్తొస్తుంది. అంకె పెరిగేకొద్దీ కూల్ అనడం తమాషాయే గానీ, కొలిమిలో ఇనుము ముందు ఎర్రబడి, ఇంకా కాలితే తెల్లబడినట్టు, అదే లెక్క.

ఊర్నుంచొచ్చిన అమ్మ చెప్పులు విప్పుతూనే "లో వోల్టేజీనా?" అంది.

"కాదమ్మా, కావాలనే పెట్టించా."

"డబ్బులిచ్చి గుడ్డిదీపాలు కొన్నావట్రా!"

నవ్వేశాను. మూడోరోజు రాత్రి వంటింట్లో, ఫోన్ టార్చి వెలుగులో అరచెయ్యి చూసుకుంటూ నిలబడి ఉంది. డబ్బాలో విడిగా పోసుకున్న మాత్రలు. బీపీది తెలుపు, షుగరుది లేతపసుపు. నా బల్బు కింద రెండూ ఒక్క రంగే. ముందురోజు ఏది వేసుకుందో తనకీ తెలీదు.

అప్పుడు చెప్పింది. కాపురానికొచ్చిన కొత్తలో ఇల్లంతటికీ ఒకటే 40 వాట్ల బల్బు. సాయంత్రం ఊళ్లో అందరూ లైట్లేసేసరికి ఎర్రటి తీగ మాత్రం మిగిలేది. ఆ వెలుగులోనే బియ్యంలో రాళ్లేరడం, జ్వరమొచ్చిన అక్కని కనిపెట్టుకుని కూర్చోడం. నాన్న ట్యూబ్‌లైట్ తెచ్చిన రోజు పక్కింటివాళ్లు చూడ్డానికొచ్చారట. నాకు తెలిసిందల్లా అది వెలగనప్పుడు స్టూలెక్కి స్టార్టర్ తిప్పడమే. పసుపు వెలుగుని నేను కెఫేల్లో చూసి ఇష్టపడ్డాను.

మర్నాడే వంటింట్లోనూ అమ్మ గదిలోనూ 6500వి పెట్టించాను. హాలు మాత్రం మార్చలేదు. అమ్మ ఏమీ అనలేదు. సాయంత్రమైతే పేపరు పట్టుకుని వంటింట్లోకెళ్లి కూర్చుంటోంది.