కూరలు తినని పిల్లలు, తపాలచెక్క

కూరగాయలు ఆరోగ్యమునకు మంచివని పిల్లలకు పాఠము చెప్పుట సులభము. వానిని తినిపించుట కష్టము. పాఠమును కంఠస్థము చేసి పరీక్షలో పూర్తి మార్కులు తెచ్చుకొనిన విద్యార్థియే, మధ్యాహ్న భోజనమున సొరకాయ ముక్కలను పళ్లెపు టంచునకు నెట్టివేయుచుండుట మేము నిత్యము చూచుచున్నాము. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములలో ఇరువది సంవత్సరములకు పైగా ఉపాధ్యాయవృత్తి యందుండి, తల్లిదండ్రులతో మాటలాడినప్పుడెల్ల మేము వినిన ఫిర్యాదు ఒక్కటే: “మావాడు కూర ముట్టడండీ.” అందువలన ఈ సంవత్సరపు సంచికలో ఆ విషయమును గూర్చియే నాలుగు మాటలు వ్రాయ దలచితిమి.

ఇది కేవలము నోటిరుచికి సంబంధించిన సంగతి కాదు. 2019–21 నడుమ జరిగిన అయిదవ జాతీయ కుటుంబారోగ్య పరిశీలనలో, ఆరు నెలలు మొదలు అయిదేండ్ల లోపు పిల్లలలో దేశమున నూటికి 67 మందికిని, మన తెలంగాణమున నూటికి 70 మందికిని రక్తహీనత కలదని తేలినది. ఆ పిల్లలే కొన్నేండ్లకు మా తరగతులలోనికి వచ్చెదరు. పదునొకండు గంటలకే బల్లపై తలవాల్చు బాలునికి సోమరి యని పేరు పెట్టుట తేలిక. వాని రక్తములో ఇనుము చాలకపోవచ్చునని తలచువారు తక్కువ. రక్తహీనతకు కారణములు పెక్కులు. కడుపులోని పురుగులకును, తీవ్రమైన లోపమునకును వైద్యుని సలహా తీసికొనవలసినదే. కాని దినదినము పళ్లెములో ఆకుకూరయు, కాయగూరయు నుండుట మన చేతిలోని పని గదా.

మన ప్రాంతపు పళ్లెము తెల్లగా నుండుటకు ఒక చరిత్ర కలదు. 1955 డిసెంబరు 10వ తేదీన నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగినది. 1967లో కాలువలకు నీరు వదలిరి. ఎడమకాలువ నీరు మిర్యాలగూడ, కోదాడ ప్రాంతములకు వచ్చిన పిదప, జొన్నలు సజ్జలు పండిన చేలు వరిమళ్లాయెను. మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు పేరుపొందినది. ఇది గొప్ప మేలే, ఆకలి తీరినది. అయినను బియ్యమును తెల్లగా పాలిషు పట్టినకొలది తవుడుతోపాటు దానిలోని బి విటమినులును కొంత పోవును. తెల్లని అన్నము కుప్పగాను, కూర చెంచాడుగాను వడ్డించుకొనుట మన కలవాటైనది. ఆ చెంచాడు కూరనైనను పిల్లవాడు ప్రక్కకు నెట్టినచో ఇక మిగులున దేమి?

పిల్లలేల నెట్టుదురు? మొండితనముచేతనే యని మన మనుకొందుము. కాని చేదును అనుమానించుట పసినాలుకకు స్వభావము. మెత్తగా జారు ముక్కలు కొందరికి వెగటు పుట్టించును. అమెరికా దేశమున లీఆన్ బర్చ్ అను పండితురాలు, సహచరులతో కలసి, 1982లో రెండేండ్ల పిల్లలకు వా రెరుగని ఆహారములను కొద్దికొద్దిగా పలుమార్లు రుచి చూపించి పరీక్షించెను. ఎన్ని ఎక్కువ మార్లు రుచి చూచిరో అంత ఎక్కువగా వానిని ఇష్టపడిరి. 1984లో మరియొక పరీక్షలో, “ఇది త్రాగినచో నీకు బహుమాన” మని ఆశ చూపగా, పిల్లలు ఆ పానీయమును మునుపటికంటె తక్కువగా ఇష్టపడిరని తేలినది. కావున రెండు మూడు మార్లు వద్దన్నంతనే విసుగుచెంది మానరాదు; బెదిరింపరాదు; లంచమును ఈయరాదు. పది పదిహేను మార్లు ఓపికతో, వేరువేరు రూపములలో ముందుంచవలయును.

ఆ వేరు రూపము కొరకు దూరదేశపు వంటల పుస్తకములు వెదకనక్కరలేదు. మన ఇండ్లలోనే తపాలచెక్క యున్నది. దీనినే కొన్నిచోట్ల సర్వపిండి యనియు, మరికొన్నిచోట్ల గిన్నప్ప యనియు నందురు. తపాలలోనో సర్వలోనో కాల్చుటచే ఆ పేర్లు వచ్చినవి. నూనెలో వేచునది కాదు. మూతపెట్టి సన్నని సెగపై కాల్చునది. అడుగు ఎఱ్ఱగా కరకరలాడును. పైభాగము ఆవిరికి మెత్తగా ఉడుకును. మెత్తని కూరముక్కను రోయు బాలుడు కరకరలాడు దానిని చూచి చేయి చాచును. ఇందలి కిటుకంతయు ఇదియే.

చేయు విధము చెప్పెదము. రెండు గ్లాసుల బియ్యపుపిండికి ఒక గ్లాసు సొరకాయకోరు కావలయును. ఈ సొరకాయనే తెలంగాణపు పల్లెలలో ఆనిగెపుకాయ యందురు. లేతకాయను చెక్కుతీసి కోరి, ఉప్పు కలిపి కొంతసేపుంచినచో నీరూరును. ఆ నీటిని పారబోయరాదు. గంటసేపు నానిన రెండు చెంచాల శనగపప్పు, వేయించి కచ్చాపచ్చాగా దంచిన గుప్పెడు పల్లీలు, రెండు చెంచాల నువ్వులు, జీలకఱ్ఱ, దంచిన వెల్లుల్లి, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, కరివేపాకు, కొత్తిమీర, పిల్లలు సహించునంత పచ్చిమిర్చి చేర్చి, ఆ యూరిన నీటితోనే పిండిని కలుపవలయును. చాలనిచో మాత్రమే నీళ్లు చిలుకరింపవలెను. చల్లని తపాలకు లోపల నూనె రాచి, పిండిముద్దను అడుగునను అంచులకును పలుచగా అద్ది, వ్రేలితో నాలుగైదు చిల్లులు పెట్టి, వానిలో నూనెచుక్కలు వేసి, మూతపెట్టి సన్నసెగపై పది పదిహేను నిమిషము లుంచవలయును. రెండవ చెక్కకు ముందు తపాలను చల్లార్చుట మరువరాదు. వేడి తపాలలో పిండిని అద్దినచో చేయి కాలును, చెక్క సమముగా రాదు. రెండు తపాలలున్న ఇల్లాలు ఒకటి చల్లారునంతలో రెండవదానిని పొయ్యి నెక్కించును.

ఇచ్చట ఒక నిజము చెప్పవలయును. సొరకాయలో అధికభాగము నీరే. అది చెక్కకు మృదుత్వము నిచ్చును గాని, పోషణమంతయు దానినుండి రాదు. కావున క్రమముగా మెంతికూరయో, మునగాకో, క్యారెట్టు కోరో చేర్చవలయును. మొదటి దినమున మునగాకు ఒక చెంచాడు చాలును. పిల్లలు అలవాటుపడిన కొలది గుప్పెడు వేయవచ్చును. మునగాకు, క్యారెట్టు, గుమ్మడికాయలలోని కెరోటిను శరీరమున ఏ విటమినుగా మారి కంటిచూపునకు తోడ్పడును. కొంచెము నూనె తోడైనప్పుడే అది చక్కగా వంటబట్టును. ప్రక్కన నిమ్మచెక్క నుంచినచో ఆకులోని ఇనుము మరికొంత ఒంటికి పట్టును.

కూరను పిండిలో దాచి తినిపించుట మోసము కాదా యని ఒక తల్లి మమ్ము అడిగినది. మంచి ప్రశ్న. దాచవద్దనియే మా అభిప్రాయము. దాచినది బయటపడిననాడు పిల్లవాడు కూరనే గాక తల్లిమాటను కూడ అనుమానించును. దీనికి బదులు వానినే పనిలోనికి పిలువవలయును. మా ఆరవ తరగతిలో ఆకుకూర యన్నంతనే మోము త్రిప్పుకొను బాలుడొకడుండెను. ఒక శనివారపు మధ్యాహ్నము పిల్లలచేత తపాలచెక్కలు చేయించునపుడు, చిల్లులు పెట్టుపని తనకు కావలెనని వాడు పట్టుబట్టెను. తాను చిల్లులు పెట్టిన చెక్కను వేరొకనికి ఈయనిచ్చునా! అందులో మెంతికూర యున్నదని ఎరిగియే రెండు ముక్కలు తినెను. వాడు మరునాటినుండి కూరలన్నియు తినెనని వ్రాసినచో అది కథ యగును. సొరకాయకూరను వాడు ఆ సంవత్సరమంతయు ముట్టలేదు. కాని మెంతికూర పప్పును మాత్రము అడిగి వడ్డించుకొనసాగెను. ఒక కూరతో స్నేహము కుదిరినది, మాకది చాలును.

తపాలచెక్క యొక్కటియే మార్గము కాదు. మినపపిండి, బియ్యపురవ్వ కలిపిన దిబ్బరొట్టెలో క్యారెట్టు కోరు, ఉల్లికాడలు కలిపి మందమైన మూకుడులో కాల్చవచ్చును. కుంపటిపై మూకుడు నుంచి, మూతమీద కూడ నిప్పులు వేసి, పైనను క్రిందను సెగ తగులునట్లు కాల్చుట మన పెద్దలెరిగిన పద్ధతియే. నేటి విద్యుత్తు పొయ్యి చేయునదియు నదియే. అట్టి పొయ్యి యున్నవారు జొన్నపిండి, గోధుమపిండి సమముగా తీసికొని, సన్నగా తరిగిన మెంతికూర, నువ్వులు, ఉప్పు, కొంచెము నూనె చేర్చి, గట్టిగా కలిపి, పలుచగా ఒత్తి, ముక్కలుగా కోసి, 180 డిగ్రీల వేడిలో పదునైదు ఇరువది నిమిషములు కాల్చినచో కరకరలాడు బిళ్లలగును. లేనివారు దళసరి పాత్రలో ఇసుక పోసి, పది నిమిషములు వేడిచేసి, అందొక ముక్కాలిపై పళ్లెము నుంచి మూతపెట్టి కాల్చుకొనవచ్చును. సమయము మాత్రము కొంత ఎక్కువ పట్టును.

హైదరాబాదు నుండి విజయవాడకు పోవు మార్గమున సూర్యాపేటలోను, కోదాడలోను బస్సులాగినప్పుడు పిల్లలు కర్రీపఫ్ కొరకు మారాము చేయుదురు. దానిలోను కూర యున్నదని వాదింతురు. ఉన్నమాట నిజమే; కాని పొరపొరకును క్రొవ్వు పట్టించిన మైదాపిండి నడుమ కూర చెంచాడే. ఎప్పుడైన ఒకటి తినుటలో తప్పులేదు. దానిని కూరకు బదులుగా లెక్కింపరాదని మాత్రము చెప్పుచున్నాము.

కొన్ని జాగ్రత్తలు: అయిదేండ్ల లోపు పసివారికి పల్లీలు గింజలుగా పెట్టరాదు, గొంతున అడ్డుపడును; మెత్తగా దంచియే వేయవలయును. పల్లీలు, నువ్వులు పడని పిల్లలకు అవి మానవలయును. ఉప్పు మితముగా నుండవలెను. సొరకాయ వేసిన చెక్కను ఆ దినముననే తినవలయును. ఎండకాలమున మరునాటికి నిలువదు.

ప్రియ విద్యార్థులారా, రాజు భోజనమును వద్దని, శాకధాన్యములను కోరిన దానియేలును అతని స్నేహితులును మీ రెరిగినవారే. వారు పదిదినముల పరీక్ష నడిగిరి. మేమును మీనుండి అంతకుమించి కోరుటలేదు. మీకు గిట్టని కూర నొకదానిని ఎన్నుకొని, పది దినములు దినమునకొక ముక్క రుచిచూడుడు. తల్లిదండ్రులారా, వారు ఆ ముక్కను నోట వేసికొనునప్పుడు మందలింపక, పొగడక, మీరును అదే తినుచు ప్రక్కన కూర్చుండుడు. పిల్లలు మన మాటకంటె మన పళ్లెమును ఎక్కువగా చూతురు.